గడ్డి మిషనూ, నలుగురు ఎమ్మెస్సులూ

గడ్డి కోసే మిషను కొని మూడు వారాలైంది. రెండు సార్లు బుద్ధిగా పనిచేసి మొన్న శనివారం మొరాయించింది. తాడు లాగి లాగి నా భుజం పట్టేసింది గానీ ఇంజను మాత్రం ఉలకలేదు.

"తిరిగిచ్చెయ్‌రా" అన్నాడొకడు. "నెలకింతని ఇచ్చి మనిషిని పెట్టుకో, మనకెందుకీ బాధ" అన్నాడు ఇంకొకడు. మూడోవాడు వారంటీ పోతుందని భయపెట్టాడు. నాతో కలిపి నలుగురమూ కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్సులమే. ఒక్కడూ "ఏమయ్యుంటుంది?" అని అడగలేదు! సర్వరు పడిపోతే అర్ధరాత్రి లేచి లాగ్ ఫైళ్ళు తవ్వుతాం, సోమవారం దాని గురించి గొప్పలు చెప్పుకుంటాం. అదే పని చేతికి నూనె అంటేలా చెయ్యాలంటే నామోషీ.

ప్లగ్గు విప్పి చూశాను. పొడిగా ఉంది. టాంకులో పెట్రోలుంది, ఇంజన్లోకి రావట్లేదు. కార్బ్యురేటరు కింద చిన్న గిన్నె ఉంటుంది. అందులో తేలే బెండు పైకి లేస్తే ఒక సూది పెట్రోలు దారి మూస్తుంది, దిగితే తెరుస్తుంది. మన డాబా మీద నీళ్ళ టాంకులో బంతి వాల్వు చూశారుగా, అదే. ఆ సూది మూసుకున్నచోటే అతుక్కుపోయింది. స్క్రూడ్రైవరు పిడితో గిన్నె పక్కన నాలుగుసార్లు మెల్లగా తట్టి, ప్లగ్గు బిగించి లాగాను. రెండో లాగుకే అందుకుంది. (మీరు చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీగ ఊడదీయండి. కోడు రాయడానికి వేళ్ళు కావాలి కదా.)

వారంటీ అంటారా, తమ విడిభాగాలే కొనాలి, తమ దగ్గరే డబ్బిచ్చి బాగుచేయించుకోవాలి అని షరతు పెట్టడానికి అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. మా వాడి భయం చట్టం గురించి కాదు లెండి, పక్కింటి వాళ్ళు చూస్తారని.

దసరాకి కారు చేత నిమ్మకాయలు తొక్కించి, పానాకి బొట్టు పెట్టే వాళ్ళం మనం. మిగతా 364 రోజులూ ఆ పానా పట్టినవాడు మనకి "మెకానిక్కుగాడు".

వాళ్ళననడం దేనికి, నా సంగతి చెప్తాను. మా బాబాయి బెజవాడ ఆటోనగర్‌లో డీజిలు పంపుల మెకానిక్కు. చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. నా పెళ్ళికొచ్చిన ఆఫీసు వాళ్ళకి ఆయన్ని "ఆటోమొబైల్ బిజినెస్" అని పరిచయం చేశాను. పక్కనే ఉండి విన్నాడు. ఏమీ అనలేదు.

ఆ శనివారం రాత్రి, అంటే అక్కడ ఆదివారం పొద్దున, ఫోన్ చేసి సూది సంగతి చెప్పాను.

"మళ్ళీ అతుక్కుంటే గిన్నె విప్పి కడుగు. కింద వాషరుంటుంది, పారేసుకోకురా" అన్నాడు.