బ్యాంకు చిల్లర ప్యాకెట్‌లో లక్షల నాణెం దొరుకుతుందా? వైరల్ వీడియోల వెనుక అసలు లెక్క ఇదీ!

‘మీ దగ్గర వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల నాణెం ఉందా? అయితే మీరు లక్షాధికారి అయినట్టే!’ ఫోన్ తెరిస్తే చాలు, ఇలాంటి వీడియో ఏదో ఒకటి కళ్ల ముందుకు వస్తోంది. చూసినవాళ్లు ముందు ఇంట్లో హుండీ పగలగొడతారు. అందులో దొరక్కపోతే కిరాణా కొట్టు గల్లాపెట్టె, ఆ తర్వాత బ్యాంకు చిల్లర ప్యాకెట్. ఇంతకీ ఆ ప్యాకెట్‌లో నిజంగా అదృష్టం ఉంటుందా? ఉంటే ఎంత? పోయేది ఎంత? బాపట్ల జిల్లా మార్టూరు లాంటి ఒక మండల కేంద్రాన్నే తీసుకుని లెక్క వేసి చూద్దాం.

మార్టూరుకు చిల్లర ఎక్కడి నుంచి వస్తుంది?

చిలకలూరిపేట, ఒంగోలు మధ్య జాతీయ రహదారి మీద ఉన్న ఊరు మార్టూరు. ఒకవైపు మిర్చి, పత్తి పొలాలు. మరోవైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు. కూలీలు, లారీ డ్రైవర్లు, టీ కొట్లు, ఆర్టీసీ బస్సులు, గుడి హుండీలు.. ఇలాంటి ఊళ్లో రోజూ చిల్లర చేతులు మారుతూనే ఉంటుంది. యూపీఐ వచ్చాక తగ్గిందే తప్ప చిల్లర అవసరం పోలేదు.

అమెరికాలో బ్యాంకులు నాణేలను కాగితం చుట్టలుగా ఇస్తాయి. వాటిని కొని, విప్పి, విలువైనవి ఏరుకోవడం అక్కడ పెద్ద హాబీ. మన దగ్గర ఆ చుట్టలు లేవు. ఇక్కడ సంచులు, ప్యాకెట్లు. ఖాతాదారుల నుంచి చిల్లర తీసుకునేటప్పుడు వందేసి నాణేల పాలిథిన్ ప్యాకెట్లుగా అయితే లెక్కకు సులువని రిజర్వు బ్యాంకు ఎప్పటి నుంచో చెబుతోంది. చిల్లర తీసుకోవడానికి బ్యాంకు శాఖలు నిరాకరించకూడదన్నది కూడా ఆర్బీఐ ఆదేశమే.

చిల్లర ప్యాకెట్ అంటే తెలుగువాళ్లకు తిరుమల కూడా గుర్తొస్తుంది. హుండీలో పేరుకుపోయే నాణేలను 100 రూపాయల ప్యాకెట్లుగా కట్టి, పసుపు కుంకుమలతో ‘ధన ప్రసాదం’ పేరిట భక్తులకు ఇవ్వడం 2021లో టీటీడీ మొదలుపెట్టింది. అంటే ప్యాకెట్‌లో వచ్చేది నిధి కాదు. ఊరి చిల్లరే ఊరంతా తిరిగి మళ్లీ మన చేతికి వస్తుంది.

అమెరికాలో కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు?

అక్కడ వేటకు ఒక గట్టి కారణం ఉంది. 1964 వరకు ముద్రించిన 10 సెంట్లు, 25 సెంట్ల నాణేల్లో 90 శాతం వెండి ఉండేది. వాటి చెలామణి ఇప్పటికీ రద్దు కాలేదు. కాబట్టి బ్యాంకు చుట్టలో ఎప్పుడో ఒకటి తగిలితే దాని ముఖ విలువ కంటే వెండి విలువే ఎన్నో రెట్లు ఎక్కువ. బ్రిటన్‌లో 2009 నాటి క్యూ గార్డెన్స్ 50 పెన్స్ నాణెం కథ వేరు. మొదట ముద్రించింది కేవలం 2 లక్షల 10 వేలు. తక్కువ ఉన్నాయి కాబట్టి గిరాకీ.

మన దగ్గర పరిస్థితి పూర్తిగా వేరు. వెండి రూపాయి 1940 నాటికే పలచబడింది. అంతకు ముందు 11.66 గ్రాముల బరువులో దాదాపు 92 శాతం వెండి ఉండేది. యుద్ధకాలంలో అది సగానికి పడిపోయింది. 1947 రూపాయి నాణెం పూర్తిగా నికెల్. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. పావలా, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లడం మానేశాయి. ఇప్పుడు బ్యాంకు ప్యాకెట్‌లో ఉండేది ఎక్కువగా స్టీలు, నికెల్ ఇత్తడి నాణేలే. అందులో వెండి రూపాయి వచ్చే అవకాశం దాదాపు లేనట్టే. అది ఉంటే గింటే నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఉండాలి.

వీడియోల్లో చెప్పే నాణేల సంగతేంటి?

ఒక నాణేనికి ధర రావాలంటే మూడు కలవాలి. తక్కువ సంఖ్యలో ఉండాలి. కొనేవాళ్లు ఉండాలి. నాణెం అరగకుండా ఉండాలి. పాతది అయినంత మాత్రాన, బొమ్మ వేరుగా ఉన్నంత మాత్రాన ధర రాదు. వైరల్ అవుతున్న వాటిని ఈ మూడింటితో పోల్చి చూస్తే విషయం అర్థమవుతుంది.

* వైష్ణోదేవి నాణెం: 2012 సంవత్సరంతో 5, 10 రూపాయల నాణేలు వచ్చాయి. చెలామణి కోసమే పెద్ద సంఖ్యలో విడుదల చేశారు. నాణేల వ్యాపారుల దగ్గర మామూలుగా పదుల రూపాయలకే దొరికే సరుకు. లక్షలు అన్నది వీడియో టైటిల్‌లో మాత్రమే.

* 1985 ‘హెచ్’ మార్కు రూపాయి: ‘హెచ్’ అంటే హైదరాబాద్ అనుకుంటారు చాలామంది. కాదు. అప్పట్లో చిల్లర కొరత తీరడానికి కేంద్రం కొన్ని నాణేలను ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో హీటన్ మింట్‌లో కొట్టించింది. ఆ మింట్ గుర్తే హెచ్. కథ ఆసక్తిగా ఉంది, నిజమే. నాణెం మాత్రం అరుదు కాదు.

* ఇందిరాగాంధీ 5 రూపాయలు, నెహ్రూ శతజయంతి నాణేలు: ఇవీ జనం జేబుల్లోకి వచ్చినవే. దాచుకోవడానికి బాగుంటాయి. అమ్మి ఇల్లు కట్టేంత లేదు.

మరి ఎన్టీఆర్ నాణెం వేలల్లో అమ్ముడైంది కదా అని అడగొచ్చు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విడుదల చేసిన 100 రూపాయల నాణెం అది. 44 మిల్లీమీటర్ల వ్యాసం, అందులో సగం వెండి. హైదరాబాద్ మింట్‌లో తయారైంది. అయితే అది చెలామణి కోసం కాదు, సేకరణ కోసం. మింటే పెట్టెలో పెట్టి నేరుగా అమ్మింది. అలాంటిది బ్యాంకు చిల్లర ప్యాకెట్‌లోకి రాదు. ఈ తేడా తెలియకపోవడమే మోసగాళ్లకు పెట్టుబడి.

లాభం కంటే ఖర్చే ఎక్కువ

ఒక సాదా లెక్క చూద్దాం. 5 రూపాయల నాణేల ప్యాకెట్ ఒకటి 500 రూపాయలు. పది ప్యాకెట్లు తెస్తే 5 వేలు. వెయ్యి నాణేలను ఒక్కొక్కటిగా తిప్పి చూడాలంటే సగం రోజు పోతుంది. చివరికి నాలుగైదు స్మారక నాణేలు దొరికితే దొరకొచ్చు. మిగతావి తిరిగి బ్యాంకులో కట్టడానికి మళ్లీ లెక్కపెట్టాలి, మళ్లీ క్యూలో నిలబడాలి. అంగట్లో ఇచ్చేద్దామన్నా చట్టం ప్రకారం రూపాయి, అంతకు పైబడిన నాణేలు ఒక చెల్లింపులో 1,000 రూపాయల వరకే చట్టబద్ధం. మిర్చి కోతల సీజన్‌లో ఆ సగం రోజు కూలి, దొరికిన నాణేల ధర పక్కపక్కన పెడితే చాలావరకు కూలిదే పైచేయి.

ఇంకో వైపు కూడా ఉంది. ‘ధర వస్తుందట’ అని నాణేలు డబ్బాల్లో దాచేస్తే కొట్టువాడికి చిల్లర దొరకదు. ‘చెల్లవట’ అని 10 రూపాయల నాణేలను తోసిపుచ్చితే కూడా అంతే. 10 రూపాయల నాణేలు అప్పటికి 14 రకాల డిజైన్లలో వచ్చాయని, అన్నీ చెల్లుతాయని 2018 జనవరిలోనే ఆర్బీఐ స్పష్టం చేసింది. ఒక పుకారు నాణేన్ని లక్షలకు ఎక్కిస్తుంది, ఇంకో పుకారు అదే నాణేన్ని సున్నా చేస్తుంది. రెండూ అబద్ధాలే. మధ్యలో నలిగేది చిల్లర వ్యాపారి.

అసలు ప్రమాదం ప్యాకెట్‌లో లేదు, ఫోన్‌లో ఉంది

ప్యాకెట్ తెచ్చి వెతికినవాడికి పోయేది సగం రోజు. వీడియో కింద ఉన్న నంబర్‌కు ఫోన్ చేసినవాడికి పోయేది డబ్బు. ఈ మోసం దాదాపు ఒకే తీరులో సాగుతుంది.

1. నాణెం ఫొటో వాట్సాప్‌లో పంపమంటారు. చూడగానే ‘మీది చాలా అరుదైనది, 5 లక్షలు ఇస్తాం’ అంటారు. బేరం ఉండదు. ఇక్కడే అనుమానించాలి.

2. రిజర్వు బ్యాంకు ముద్రతో ఒక లేఖ, ఒక అధికారి ఐడీ కార్డు పంపుతారు. రెండూ నకిలీవే.

3. ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ అని చిన్న మొత్తం అడుగుతారు. కట్టగానే జీఎస్టీ, ఆ తర్వాత ఆదాయపు పన్ను, ఆ తర్వాత కొరియర్ బీమా.. మెట్లు పెరుగుతూనే ఉంటాయి.

4. ఆపేస్తామంటే ‘ఇప్పటిదాకా కట్టింది పోతుంది, కేసు అవుతుంది’ అని బెదిరిస్తారు. చివరికి నంబర్ స్విచాఫ్.

ఈ పేరుతో జరుగుతున్న మోసాలపై ఆర్బీఐ 2021 ఆగస్టు 4న ప్రజలను హెచ్చరించింది. పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాలతో తనకు ఏ సంబంధమూ లేదని, కమిషన్ కానీ ఛార్జీలు కానీ తాను అడగనని, తన తరఫున వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని చెప్పింది. ఒక్క మాటలో చెప్పాలంటే, మీ వస్తువు కొనేవాడు మీకు డబ్బు ఇవ్వాలి. మీ దగ్గరే అడుగుతుంటే అతను కొనుగోలుదారు కాదు.

అయితే హాబీ మానేయాలా? అక్కర్లేదు

స్కూలు పిల్లలకు ఇంతకంటే చవకైన చరిత్ర పాఠం దొరకదు. నాణెం మీద సంవత్సరం కింద చూడండి. చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబయి, నక్షత్రం ఉంటే హైదరాబాద్, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. 1990ల చివర్లో మాస్కో, ప్రిటోరియా, దక్షిణ కొరియా, స్లోవేకియా మింట్లలో కొట్టించిన మన నాణేలూ ఉన్నాయి. వాటి గుర్తులు వేరు. ఇంట్లో ఉన్న వంద రూపాయల చిల్లరతోనే ఈ ఆట మొదలుపెట్టొచ్చు. చూసి, నచ్చింది ఉంచుకుని, మిగతాది ఖర్చు పెట్టేస్తే పోయేదేమీ లేదు.

వెండి రూపాయలు ఉన్నవాళ్లు మాత్రం తొందరపడి తూకానికి అమ్మకండి. 1939 సంవత్సరపు రూపాయి లాంటివి నిజంగానే అరుదు. అందుకే వాటికి నకిలీలు కూడా ఎక్కువ. బ్రష్‌తో రుద్ది మెరిపించకండి, ధర పడిపోతుంది. ఒకరిద్దరు వ్యాపారులకు నేరుగా చూపించి ధర పోల్చుకోవడం మేలు.

పొలంలో దున్నుతుంటే పాత నాణేలు బయటపడితే అది పూర్తిగా వేరే సంగతి. వినుకొండ ప్రాంతంలో రోమన్ బంగారు నాణేలు దొరికిన చరిత్ర ఈ నేలకు ఉంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలి. వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని విదేశాలకు పంపడం నేరం. లోహం కోసం ప్రభుత్వ నాణేలను కరిగించినా ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు.

ఇప్పటికే డబ్బు కట్టేశారా? సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. 10 రూపాయల నాణెం చెల్లుతుందా లేదా అన్న అనుమానం ఉంటే 14440కి కాల్ చేయండి, ఆర్బీఐ సమాచారం వినిపిస్తుంది. అంతవరకు ఆ 5 రూపాయల నాణెం విలువ ఎంతంటే.. 5 రూపాయలే.