మార్కులు వద్దు, ఒక్క ప్రశ్న అడగండి

వికీమీడియా ఫౌండేషన్ నిర్వాహకులకు,

పాఠకుల అభిప్రాయం అడిగే పని మీరు ఒకసారి తలకెత్తుకుని దించేశారు. 2010లో ఇంగ్లిష్ వికీపీడియాలో కొన్ని వ్యాసాల కింద నక్షత్రాలు పెట్టారు. వ్యాసం నమ్మదగ్గదేనా, నిష్పాక్షికమేనా, సమగ్రమేనా, బాగా రాశారా అని నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు మార్కులు. మూడు మార్కులు పడితే తప్పు ఏ వాక్యంలో ఉందో ఎవరికి తెలుస్తుంది? తర్వాత మీరే ఆ నక్షత్రాలు తీసేసి, వెతికింది దొరికిందా అని అడిగి, రాయడానికో పెట్టె ఇచ్చారు. అడగాల్సింది అదీ! అయితే వచ్చిపడిన పిచ్చిరాతలు ఏరిపారేయలేక స్వచ్ఛంద సంపాదకులు విసిగిపోయారు. 2013లో వద్దన్నారు, 2014లో మీరు తీసేశారు. ఇంగ్లిష్‌కి అది సబబే.

తెలుగు వికీపీడియాలో అలాంటి వరద భయం లేదు, చినుకే కరువు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్ల కింద గ్రూప్స్ పరీక్షలకి చదువుకునే కుర్రాడు ఫోన్‌లో తన ఊరి వ్యాసం తెరిచాడనుకోండి. జనాభా 2011 లెక్కలది. 2021 జనగణన వాయిదా పడింది కాబట్టి దానికి ఎవర్నీ అనలేం. కానీ బస్సు సౌకర్యం ఉందన్న మాట కూడా ఆ పాత లెక్కల్లోంచే వచ్చింది. ఆ బస్సు ఎప్పుడో ఆగిపోయిందని అతనికి తెలుసు. చెప్పుకోవడానికి వ్యాసం వెనక ‘చర్చ’ పేజీ ఉందిగా అంటారేమో. అలాంటిదొకటి ఉందని మామూలు పాఠకుల్లో ఎంతమందికి తెలుసు? ఫోన్ జేబులో పెట్టుకుని మళ్లీ పుస్తకంలో పడతాడు.

అతని మాట ఆధారం కాదు, ఒప్పుకుంటాను. ఆధారం ఎక్కడ వెతకాలో సంపాదకుడికి చెప్పేది మాత్రం ఆ మాటే.

అచ్చు విజ్ఞానకోశాల సంగతి వేరు. ఆ ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే తెలుగు ఆచార్యులుగా పనిచేసిన ఖండవల్లి లక్ష్మీరంజనం గారు ‘సంగ్రహ ఆంధ్ర విజ్ఞానకోశం’ ప్రధాన సంపాదకులు. అచ్చయిన సంపుటంలో తప్పు దొర్లితే మళ్లీ ముద్రణ దాకా ఆగాల్సిందే. మీకు ఆ అవస్థ లేదు, అయినా పాఠకుడి నోరు కట్టేశారు.

కాబట్టి తెలుగు వికీలో ఊళ్ల వ్యాసాల వరకైనా, వెతికింది దొరికిందా అని అడిగే ఆ పెట్టెను మళ్లీ పెట్టి చూడండి. రాసింది నేరుగా ఆ వ్యాసం చర్చ పేజీలో పడాలి. మార్కులు అక్కర్లేదు. ముందు తెలుగు వికీ చర్చావేదిక ‘రచ్చబండ’లో అక్కడి సంపాదకులను అడగండి, రేపు చదివి దిద్దాల్సింది వాళ్లే. వాళ్లు వద్దంటే నా ఉత్తరం పక్కన పెట్టేయండి.

ఇట్లు,
తార్నాక పాఠకుడు