నిద్రపోనివ్వనిదెవడు?

డ్రగ్స్ అనగానే మన పాలకులకు సినిమావాళ్లే గుర్తొస్తారు. 2017లో హైదరాబాద్‌లో నటుల్ని పిలిచి రోజుకొకరి చొప్పున విచారించారు. టీవీలకు పండగే పండగ! 2024 మార్చిలో బ్రెజిల్ నుంచి విశాఖ పోర్టుకొచ్చిన 25 వేల కిలోల ఈస్టు కంటైనర్‌ను సీబీఐ అనుమానంతో ఆపింది. ఎన్నికల వేళ కదా, అందులో ఏముందో ల్యాబు తేల్చకముందే పార్టీలు ‘మీదంటే మీది’ అని బజారుకెక్కాయి. ఆ పోర్టు సరుకు మోసే లారీ డ్రైవరు ఊసు ఒక్కడైనా ఎత్తాడా?

ఆ డ్రైవరు ఆటోనగర్‌లో మనకు రోజూ ఎదురయ్యేవాడే. స్టీలు లోడుతో బయల్దేరితే కునుకు తియ్యడానికుండదు. ఆలస్యమైతే కిరాయిలో కోత. టీతో, ఖైనీతో మొదలవుతుంది. అవి చాలనినాడు ‘నిద్ర రాని బిళ్ల’ ఎవడో చేతిలో పెడతాడు.

యాంఫెటమిన్ జాతి మందు బలమివ్వదు. గుండెను పరిగెత్తిస్తుంది, బీపీ పెంచుతుంది, ఆకలి చంపుతుంది. అలసట పోదు, దాక్కుంటుంది. మందు దిగగానే స్టీరింగ్ మీదే కళ్లు మూతపడతాయి. అలవాటైతే గుండెపోటు, పక్షవాతం, ఎవరో వెంటాడుతున్నారన్న పిచ్చి అనుమానం. (ఆపరేషన్ థియేటర్లో పడిపోయిన బీపీని లేపే మెఫెంటర్మిన్‌ను కండల కోసం జిమ్ముల్లో పొడిపించుకునే విద్యార్థి మిత్రులూ, ఇది మీక్కూడా!)

నిద్రను చంపే మందును పనికి వాడింది మొదట కూలీలా? 1940లో జర్మన్ సైన్యం తన సిపాయిలకు లక్షలకొద్దీ పెర్విటిన్ బిళ్లలు పంచింది. జపాన్ యుద్ధకాలంలో ఫిలోపాన్ వాడి, యుద్ధం ముగిశాక ఊళ్లకు ఊళ్లు బానిసలైతే 1951లో గానీ చట్టం చెయ్యలేదు. పై నుంచి పని పిండేవాడికి ఆ మందు ఎప్పుడూ ముద్దే.

ఇక మన చట్టం. 1985 ఎన్‌డీపీఎస్ చట్టం కింద 50 గ్రాములు దాటిన యాంఫెటమిన్‌తో దొరికితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల జైలు, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. బెయిలు దుర్లభం. పైగా 35వ సెక్షన్ ప్రకారం సరుకు సంగతి తనకు తెలియదని నిరూపించుకోవాల్సింది నిందితుడే. సీలు వేసిన కంటైనర్లో ఏముందో డ్రైవరు ఎట్లా చూస్తాడు సారూ?

ఇంకో చట్టం కూడా ఉండేది. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అన్నది. 2025 నవంబరు 21న దాని స్థానంలో వచ్చిన లేబర్ కోడ్‌లోనూ రోజుకు ఎనిమిది గంటలే. ఆ ఎనిమిది గంటల్ని లెక్కపెట్టడానికి లేబర్ ఆఫీసరు ఏ రాత్రయినా హైవే ఎక్కాడా? జేబులు వెతికే చేతులకు లాగ్ బుక్కు తెరవడం రాదా?

ఎన్‌డీపీఎస్‌లోనే 64ఎ సెక్షన్ ఉంది. కొద్దిపాటి మందుతో పట్టుబడ్డ బానిస తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు చేరి పూర్తిచేస్తే కేసు నుంచి మినహాయింపు. ఈ ముక్క రాసిన బోర్డు ఆటోనగర్ గేటు దగ్గర పెట్టమనండి. ట్రిప్పు టైము నిర్ణయించే ట్రాన్స్‌పోర్టు యజమానిని కూడా స్టేషనుకు పిలిచి ఆ డ్రైవరు ఎన్ని గంటలు నిద్రపోయాడో అడగమనండి. బానిసైన డ్రైవరన్నకు మనం చెప్పాల్సింది ఒక్కటే: 14446కు ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు.