గొలుసుకు ఆ చివర కుక్క, ఈ చివర మన పిల్లలు



పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్లు, హాస్టల్ సమస్యలు రాసుకునే గ్రూపుల కుక్కల బెల్టుల ముచ్చట ఏందని కొందరు నవ్వొచ్చు. చదివినంక నవ్వండి.

మేము వికారాబాద్‌ల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న నలుగురం. మాది మోమిన్‌పేట్ మండలంల ఒక తండా. మా నలుగురి ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోతం, సోమవారం పొద్దున మళ్ల హాస్టల్. ఆ ఆదివారాలు, సెలవు దినాలు మాకొక పని దొరికింది. ఫామ్‌హౌస్‌ల కుక్కలను తిప్పుడు. పూటకు రెండు వందలు. మెస్ బిల్లు కాకుండా మిగిలిన చిల్లర ఖర్చులన్నీ దాని మీదనే నడుస్తయి.

మోమిన్‌పేట్, నవాబ్‌పేట, శంకర్‌పల్లి దిక్కు తిరిగినోళ్లకు చెప్పనక్కర్లేదు. పత్తి, కంది పండిన చేన్ల చుట్టూ ఇప్పుడు గోడలు, గేట్లు. పట్నం సార్లు వారానికి ఒకసారి వస్తరు. మిగతా దినాలు కాపలా కుక్కది, వాచ్‌మన్‌ది. మేము చూసినంతల ఆ వాచ్‌మన్ మన తండా మామనో, చిన్నాయననో అయి ఉంటడు. కుక్క గొలుసు పట్టేది ఆయన కొడుకో, మా అసొంటి సెలవుల పిల్లలో. అందుకే ఈ ముచ్చట మన గ్రూపుదే అంటున్నం.

మొదట్ల మేము దీన్ని అల్కగా తీసుకున్నం. మన తండాల కుక్కలు లేవా? మేకల ఎనక పోతయి, రాత్రి మొరుగుతయి, పెట్టింది తింటయి. వాటి మెడకు తాడు కట్టి తిప్పేటోడు ఎవడూ లేడు. కాబట్టి రోజంతా బోనుల ఉన్న కుక్క గేటు తియ్యంగనే ఎట్ల ఉరుకుతదో మాకు తెల్వదు. మేము తిప్పేది రాట్‌వీలర్ మగకుక్క, పేరు బ్రూనో, మూడేండ్లది. బరువు నలభై ఎనిమిది కిలోలని టీకాల పుస్తకంల రాసి ఉంది. మాల ఒకడు యాభై ఒక్క కిలో. కాళ్లు దానికి నాలుగు, వానికి రెండు.

ఒకనాడు చేను గట్టు మీద కుందేలు లేచింది. మావాడు గొలుసు చేతికి చుట్టుకొని ఉన్నడు (ఎవరూ అట్ల చుట్టుకోవద్దు, ఏళ్లు విరుగుతయి). మోకాళ్ల మీద పడి పది గజాలు ఈడ్చుకపోయిండు. ప్యాంటు చినిగింది, మోకాలు చీరుకపోయింది. సారు చూసి బాధపడ్డడు, అయోడిన్ ఇప్పిచ్చిండు. పై వారం ఆన్‌లైన్‌ల తెప్పిచ్చిన ట్రైనింగ్ కాలర్ తెచ్చిండు. ఇనుప లింకులు, లోపలికి వంగిన ముండ్లు. "ఇది పెడితే ఇగ లాగదు" అన్నడు. నిజంగనే లాగలేదు. దాచుడెందుకు, ఆ రెండు మూడు వారాలు మాకు పండుగే. ఇంత పెద్ద కుక్క మేకపిల్ల లెక్క పక్కన నడుస్తుంటే వీడియోలు తీసి స్టేటస్ పెట్టుకున్నం.

ఆ ముండ్ల బెల్టు ఎట్ల పని చేస్తదో మాకు తర్వాత అర్థమైంది. కుక్క ముందుకు గుంజితే లింకులు దగ్గరికొస్తయి, ముండ్లు మెడ చుట్టూ ఒక్కసారి ఒత్తుకుంటయి. ఆగితే వదులైతయి. చోక్ చైన్ అని ఇంకోటుంది, అది ఉరి లెక్క, బిగుసుకునుడే తప్ప దానికి హద్దు లేదు. మూడోది కరెంటు బెల్టు, రిమోట్ మన చేతిల ఉంటది, బటన్ నొక్కితే మెడల షాక్. పేర్లు వేరు, రేట్లు వేరు, పని మాత్రం ఒకటే. ముందుకు పోతే నొప్పి, ఆగితే నొప్పి పోవుడు. అమ్మేటోళ్లు దీన్నే ట్రైనింగ్ అంటరు. మెడల ఏమున్నయో ఆలోచించండి. గాలిగొట్టం, పెద్ద రక్తనాళాలు, థైరాయిడ్ గ్రంథి అన్నీ అక్కడనే. మామూలు మెడ బెల్టుతో గుంజినా కుక్క కంటి లోపలి ఒత్తిడి పెరుగుతదని, ఛాతీకి వేసే బెల్టుతో అట్ల పెరగలేదని 2006ల అచ్చైన ఒక అమెరికా పరిశోధన చెప్పింది.

కానీ మేము ఈ పోస్టు రాస్తున్నది మెడ కోసం మాత్రమే కాదు. తండా బాట కోసం.

ఫామ్‌హౌస్ నుంచి కుంట దిక్కు పోయే బాట మా తండా పక్క నుంచే పోతది. పిల్లలు టైర్లు దొర్లిచ్చుకుంట, ఉరుక్కుంట ఉంటరు. ముండ్ల బెల్టు రాకముందు బ్రూనో వాళ్లను చూస్తే తోక ఊపుకుంట గుంజేది. పోయి వాసన చూడాలి, ఆడుకోవాలి, అంతే దాని ఆశ. బెల్టు పెట్టినంక ఏమైంది? పిల్లలు కనపడ్డరు, అది ఒక అడుగు ముందుకేసింది, మెడల ముండ్లు దిగినయి. మర్నాడు అదే. ఆ పై వారం అదే. "నేను లాగిన, అందుకే గుచ్చుకున్నది" అనే లెక్క మనది. కుక్క లెక్క వేరు. నొప్పి అయినప్పుడు దాని కండ్ల ముంగట ఏముందో అదే దానికి యాదికుంటది. పావ్లోవ్ ప్రయోగం మనం పుస్తకంల చదువుకున్నదే గదా, చప్పుడు వినపడంగనే కుక్కకు నోట్లె నీళ్లూరుడు. చప్పుడుకు, తిండికి ముడి పెట్టుకున్న కుక్కనే తండా పిల్లగానికి, మెడల నొప్పికి కూడా ముడి పెట్టుకుంటది.

నెల తిరిగేసరికి పిల్లలు కనపడితే బ్రూనో తోక ఊపుడు బందయింది. గుర్రుమనుడు మొదలైంది. మేము దాన్ని కాపలా బుద్ధి అనుకున్నం. ఒక ఆదివారం ఏడేండ్ల పిల్లగాడు మూల మలుపు దగ్గర ఒక్కసారి ఎదురొచ్చిండు. బ్రూనో దూకింది, మావాడు గొలుసు గట్టిగ గుంజిండు, కుక్క కేకేసి గిర్రున తిరిగి గుంజిన చెయ్యినే పట్టుకున్నది. పిల్లగానికి ఏం కాలేదు. మావాని ముంజేతి మీద నాలుగు పండ్లు దిగినయి.

సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడిగినం. బ్రూనోకు టీకాలున్నా డాక్టరు రిస్కు తీసుకోలేదు. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు సూదులు. అండ్ల ఒకటి ఇంటర్నల్ పరీక్ష నాడు పడ్డది. పని పోతదని భయంతోని వాడు ఇంట్ల చెప్పలేదు, యాడికి ఇప్పటికీ ముల్లకంప గీసుకున్నదనే తెలుసు.

పెద్దోళ్లను అడిగితే ఒకటే మాట అన్నరు: "ఎద్దుకు ముకుతాడు లేదా? అది నొప్పి కాదా? తొవ్వ తప్పే బర్రె మెడకు గుదికొయ్య కట్టమా?" ఈ ప్రశ్నను మేము కొట్టేస్తలేము. మన తాతల తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకొని దేశాలు తిరిగినోళ్లు, పశువు గురించి మనకు పుస్తకం చెప్పేదేముంటది. ముకుతాడు నొప్పి లేనిదని కూడా అనం. కానీ మంచి ఎడ్లున్న ముసలాయన నాగలి పట్టినప్పుడు మేము చూసినం. తాడు వదులుగనే ఉంటది. నాలుక చప్పుడుకు ఎద్దు మలుగుతది, పేరు పిలిస్తే ఆగుతది. మాటిమాటికి ముకుతాడు గుంజేటోన్ని ఊర్లె "వానికి ఎడ్లు కట్టుడు రాదు" అంటరు. ముండ్ల బెల్టుతో స్టేటస్ పెట్టుకున్న మేము సరిగ్గ వాని లెక్కనే. ఇగ గుదికొయ్య అంటరా, అది నడకను ఆపుతది గాని కండ్ల ముంగటి పిల్లగాని మీద కోపం పెంచదు. హిమాలయాలల్ల గొర్రెల కాడ ఉండే కుక్కలకు కూడా ఇనుప ముండ్ల పట్టా కడతరట, చిరుతపులి మెడ పట్టకుండ. ఆ ముండ్లు బయటికి ఉంటయి.

ఈ నొప్పి పద్ధతి కొత్తదేం కాదు. జర్మనీల పోలీసు కుక్కలకు శిక్షణ ఇచ్చిన కొన్రాడ్ మోస్ట్ 1910ల రాసిన పుస్తకంల బలవంతం కూడా ఒక భాగం. అదే జర్మనీ 2022 నుంచి కుక్కల శిక్షణల ముండ్ల బెల్టు వాడొద్దని రూలు పెట్టింది. వేల్స్ దేశం కరెంటు బెల్టులను 2010లనే నిషేధించింది. 2020ల అచ్చైన ఇంగ్లండ్ పరిశోధన ఒకటుంది. 63 కుక్కలను మూడు జట్లు చేసి ఒక జట్టుకు కరెంటు బెల్టుతో, మిగతా జట్లకు అది లేకుండ నేర్పిచ్చిన్రు. పిలిస్తే వచ్చుడు, మాట వినుడుల కరెంటు బెల్టు కుక్కలు మెరుగ్గా ఏం లేవు. మరి ఆ నొప్పి పెట్టి సాధించింది ఏంది?

మన దగ్గర చట్టం సంగతి ఒక మాటల చెప్తం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉంది. అండ్ల ముండ్ల బెల్టు పేరు లేదు. మరీ పొట్టిగ, మరీ బరువుగ ఉన్న గొలుసుతో ఎక్కువ సేపు కట్టేసుడు మాత్రం నేరమే. మొదటిసారి నేరానికి జుర్మానా పది రూపాయల నుంచి యాభై. పది రూపాయలకు ఇప్పుడు మంచి చాయ్ కూడా రాదు. 2024 మార్చిల కేంద్రం రాట్‌వీలర్‌తో కలిపి 23 జాతుల కుక్కల అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకు రాసింది, ఏప్రిల్‌ల కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. టీవీలల్ల జాతి గురించి మస్తు చర్చ నడిచింది. గొలుసు పట్టే జీతగాని గురించి ఒక్క ముక్క మా చెవిన పడలేదు.

సారును మేము చెడ్డోడు అనం. మావాడు పడ్డడనే ఆ బెల్టు కొన్నడు. మా కోపం ఎక్కడంటే, దాన్ని కొనుడు ఒక్క నిమిషం పని, కుక్కకు నేర్పుడు రెండు నెలల పని, ఆ రెండు నెలల కూలి ఎవరూ లెక్కల రాయరు. పొద్దున అరగంట తిప్పి బోనుల వెయ్యమంటరు. అరగంటల తిప్పుడే అయితది, నేర్పుడు కాదు. మా దగ్గర బలం లేదు, టైం లేదు, అందుకే ముండ్లు వచ్చినయి.

మావాని చెయ్యి మానినంక మేము నలుగురం, వాచ్‌మన్ మామ కలిసి సారుతో కూసున్నం. భయపడుకుంటనే చెప్పినం, ఆ బెల్టు పెడితే ఇగ మేము రాము అని. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "మళ్ల పడితే?" అన్నడు. న్యాయమైన ప్రశ్ననే. ఛాతీ బెల్టు కొనిపిచ్చినం, అండ్ల కూడా మొదట తప్పు చేసినం. వీపు మీద రింగు ఉన్నది తెచ్చినం. బ్రూనో ఇంకా హాయిగ గుంజింది! మంచు దేశాలల్ల బండి లాగే కుక్కలకు కట్టేది కూడా అసొంటిదే అని తర్వాత చదివినం. కాడి వేసిన ఎద్దు బండి లాగదా మరి. రింగు ఛాతీ ముందల ఉన్నది తెచ్చినంక తేడా కనపడ్డది. గుంజితే దాని ఒళ్లు పక్కకు తిరుగుతది, బలం ముందుకు పోదు.

బెల్టు ఒక్కటే ఏం చెయ్యదు. గొలుసు బిగిసిందా, మేము చెట్టు లెక్క నిలబడతం. అరవం, గుంజం. అది తిరిగి చూసి గొలుసు వదులు చేస్తే అప్పుడు నడుస్తం. మా కాలు పక్కన నడిచినప్పుడు నోట్ల జొన్న రొట్టె ముక్క, పైసలున్ననాడు ఉడకబెట్టిన చికెన్ (ఉల్లిగడ్డ ఉన్న కూర ముక్క పెట్టొద్దు, కుక్కలకు అది విషం). మొదటి ఆదివారం అరగంటల గేటు నుంచి మామిడి చెట్టు దాక కూడా పోలేదు. మామ చూసి నవ్విండు. తిప్పే ముందు లోపల పది నిమిషాలు బంతితో ఉరికిపిస్తే సగం గుంజుడు తగ్గుతదని కనిపెట్టింది మల్ల ఆ మామనే. ఎండకాలం పొద్దు ఎక్కకముందే తిప్పాలె, తాండూరు బండలు పరిచిన వాకిట్ల మధ్యాహ్నం మన అరికాళ్లే ఆగవు, దాని పాదాలు ఎట్ల ఆగుతయి.

పిల్లల ముచ్చట ఇంకా పూర్తిగ సరికాలేదు. ఇప్పుడు తండా బాటకు పోతలేము. దూరం నుంచి పిల్లలు కనపడంగనే రొట్టె ముక్క పెడతం, గుర్రుమనకముందే వెనక్కి మలుగుతం. నొప్పితోని పడ్డ ముడిని రొట్టెతోని విప్పుతున్నం. ముడి పడనీకి నెల పట్టింది, విప్పనీకి ఎన్ని నెలలైతదో.

గ్రూపుల ఇసొంటి పని చేసేటోళ్లు మస్తుమంది ఉంటరు. మోయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి దిక్కు ఎవరి ఇంట్లోళ్లైనా చేస్తుంటే నాలుగు సంగతులు అడగమనండి. కుక్క టీకాల పుస్తకం కండ్ల చూడాలె. కరిస్తే దవాఖాన ఖర్చు, సూదుల దినాల కూలి ఎవరు ఇస్తరో ముందే మాట్లాడుకోవాలె. నేర్పే టైంకు కూడా కూలి కట్టాలె. ముండ్లది గాని, కరెంటుది గాని చేతికిస్తే పట్టుకోమని చెప్పాలె. ఒక్కడు చెప్తే పని పోతది, మాకు ఆ భయం తెలుసు. మేము ఐదుగురం కలిసి చెప్పినం కాబట్టి పోలేదు. అట్ల చెప్పి పని పోగొట్టుకున్నోళ్లుంటే కూడా కింద రాయండి, మా తీరే సరైనదని మాకు పట్టింపు లేదు.

వచ్చే నెల మా తోటి ఇంటర్ తమ్ముడొకడు ఈ పనిల చేరుతున్నడు. మొదటి రెండు ఆదివారాలు వాని చేతికి గొలుసు ఇయ్యం. ఉత్తగ బోను పక్కన కూసుండి బ్రూనోకు రొట్టె పెడతడు. ఆ రెండు పూటల కూలి సారు ఇస్తనన్నడు.