కోడికునుకు మనకు సరిపోదు బాసూ!

బాతులు వరుసగా నిద్రపోవడం ఎప్పుడైనా చూశారా? మధ్యలో ఉన్నవి రెండు కళ్లూ మూసుకుని హాయిగా పడుకుంటాయి. చివర్లో ఉన్నవి మాత్రం బయటివైపు కన్ను తెరిచే ఉంచుతాయి. మెదడులో సగం నిద్రపోతుంటే మిగతా సగం కాపలా కాస్తుందన్నమాట! 1999లో శాస్త్రవేత్తలు మల్లార్డ్ బాతుల మెదడు తరంగాలు రికార్డు చేసి మరీ ఈ సంగతి తేల్చారు. డాల్ఫిన్లదీ ఇదే టెక్నిక్.

ఫ్రిగేట్ పక్షులు ఇంకా ఘనులు. రోజుల తరబడి సముద్రం మీద ఎగురుతూనే ఉంటాయి. 2016లో గాలాపాగోస్ దీవుల్లోని పక్షుల మీద వచ్చిన పరిశోధన ప్రకారం, గాల్లో ఉన్నప్పుడు అవి నిద్రపోయేది రోజుకు సగటున 42 నిమిషాలే. నేల మీదికి దిగాక మాత్రం 12 గంటలకు పైనే!

మరి మనకి ఆ టాలెంట్ ఉందా? కొంచెం. కొత్త చోట మొదటి రాత్రి నిద్ర సరిగ్గా పట్టదు కదా. ఆ రాత్రి మన మెదడులో ఎడమ సగం కాస్త అప్రమత్తంగా ఉంటుందని బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో చెప్పారు. అంతే, అంతకుమించి లేదు. ఒక కన్నుతో నిద్రపోతూ ఇంకో కన్నుతో బండి నడపడం మన వల్ల కాదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా ఫ్రెండ్స్‌లో చాలామంది శుక్రవారం డ్యూటీ అయ్యాకే హైదరాబాద్ నుంచి ఊరికి కారు తీస్తారు. పొద్దున 6కి లేచిన మనిషి రాత్రి 11 అయ్యేసరికి 17 గంటలు మేల్కొని ఉన్నట్టు. అప్పటికి మన చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాళ్ల స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన దేశంలో డ్రైవింగ్‌కి చట్టం ఒప్పుకునేది 30 మిల్లీగ్రాములే! మందు తాగితే పట్టుకోవడానికి మెషీన్ ఉంది. నిద్రని పట్టుకునే మెషీన్ ఏ చెక్‌పోస్టులోనూ లేదు.

80 కిలోమీటర్ల స్పీడులో 4 సెకన్లు కన్నంటుకుంటే, కారు దాదాపు 90 మీటర్లు డ్రైవర్ లేకుండా పోయినట్టే. అద్దం దించడం, పాటల సౌండ్ పెంచడం పెద్దగా పనిచేయవు. పనిచేసేది ఇదీ: బండి సేఫ్ ప్లేసులో ఆపి, ఒక కాఫీ తాగి, వెంటనే 15-20 నిమిషాలు కునుకు తీయడం. కాఫీ ఎక్కడానికి సుమారు అరగంట పడుతుంది కాబట్టి, లేచేసరికి రెండూ కలిసొస్తాయి. అది కూడా కాసేపటికే. అసలు మందు రాత్రి నిద్రే.

అర్ధరాత్రి క్యాబ్ ఎక్కితే నేను ముందు అడిగే ప్రశ్న "అన్నా, పొద్దున ఎన్నింటికి లేచావ్?" అని. ఈ వీకెండ్ మీరూ అడిగి చూడండి. స్టీరింగ్ మీ చేతిలోనే ఉంటే, మిమ్మల్ని మీరే అడగండి.