వినే వైద్యుడు, వ్రాసే వైద్యుడు

మా నాన్నగారికి కంపవాతమని తేలకముందే ఆయన దస్తూరీ మారింది. ఉత్తరంలో మొదటి పంక్తి ఎప్పటిలాగానే గుండ్రంగా ఉండేది. నాలుగో పంక్తికి వచ్చేసరికి అక్షరాలు ఆవగింజలయ్యేవి. మేము చూపించిన న్యూరాలజిస్టు పేరుమోసినవారు. ఫిల్ములు వెలుతురుకెత్తి చూశారు, మందు వ్రాశారు, మేము బయటికి వచ్చేశాము. మందు సరైనదే, గుణమూ ఇచ్చింది. ఉత్తరాల కట్ట మాత్రం నా సంచీలోనే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు.

ఆలివర్ సాక్స్‌ను నేను శ్రద్ధగా చదివింది ఆ తరువాతే. మిత్రులలో చాలామందికి ఆయన పరిచితుడే. 1933లో లండన్‌లో వైద్యుల ఇంట పుట్టాడు. తల్లి శస్త్రవైద్యురాలు, తండ్రి ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసే వైద్యుడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1960లో అమెరికా చేరి, కాలిఫోర్నియాలో శిక్షణ ముగించుకుని, 1965లో పరిశోధకుడు కావాలని న్యూయార్క్ వచ్చాడు. ప్రయోగశాల ఆయనకు అచ్చిరాలేదు. వానపాముల నుంచి నెలల తరబడి సేకరించిన మైలిన్ చెత్తలో కలిసిపోయింది. కొలతలు వ్రాసుకున్న పుస్తకం మోటారుసైకిలు మీద నుంచి ఎగిరి రోడ్డుపాలయింది. పైవారు విసిగి, రోగులను చూసుకోమని పంపేశారు. శిక్షగా దొరికిన ఆ పనే ఆయనకు బ్రతుకయింది.

1966లో బ్రాంక్స్‌లోని బెత్ ఏబ్రహాం ఆసుపత్రిలో ఆయనకు దాదాపు ఎనభైమంది విచిత్రమైన రోగులు తారసపడ్డారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మొదలై దాదాపు పదేళ్ళపాటు దేశదేశాలను పీడించిన మెదడువాపు నిద్రావ్యాధి నుంచి బ్రతికి బయటపడి, అటుపై శిలల వలె బిగుసుకుపోయినవారు. 1969లో సాక్స్ వారికి ఎల్-డోపా ఇచ్చాడు. దశాబ్దాలుగా కదలనివారు లేచి నడిచారు, మాట్లాడారు. ఆ సంబరం చాలామందికి నిలవలేదు. వెర్రి ఉద్రేకాలు, ఆపుకోలేని కదలికలు వచ్చిపడ్డాయి. మోతాదు తగ్గిస్తే మళ్ళీ పాత బిగుతే. 1970లో ఈ సంగతి వైద్యపత్రికకు వ్రాస్తే తోటివైద్యులు మండిపడ్డారు. అప్పుడాయన ఒక్కొక్క మనిషి కథగా చెప్పబూని, 1973లో 'అవేకెనింగ్స్' వెలువరించాడు. మా నాన్నగారి మాత్రలలో ఉన్నదీ ఆ ఎల్-డోపాయే కనుక, ఆ పుస్తకాన్ని నేను సాహిత్యంగా చదవలేకపోయాను.

నాడీవైద్యంలో వినడమంటే రోగి పట్ల చూపే మర్యాద మాత్రమే కాదు, అదొక పరీక్ష అని నా అభిప్రాయం. కంపవాతం మామూలు ఎంఆర్ఐలో సాధారణంగా పట్టుబడదు. ఆ ఫిల్ము మరో జబ్బు లేదని చెప్పడానికే ఎక్కువగా ఉపకరిస్తుంది. నడకలో చేతులు ఊగుతున్నాయా, మణికట్టు బిగుసుకుందా, చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతోంది - ఇవన్నీ చూసి, అడిగి తెలుసుకోవలసినవే. ఆ లెక్కన నా సంచీలోని ఉత్తరాలు ఫిల్ముకంటే ముఖ్యమైన సాక్ష్యం. గది బయట యాభైమంది వేచి ఉండగా ఉత్తరాలు చదివే తీరిక ఎక్కడిదంటారా? నిజమే, ఆ డాక్టరుగారిని తప్పుపట్టడానికి నాకూ నోరు రాదు. తీరిక లేకపోవడం వేరు, అవసరమే లేదనుకోవడం వేరు.

ఇంతవరకూ సాక్స్ నా పక్షమే. ఆయన 2015లో మరణించాడు. పదేళ్ళ తరువాత, 2025 డిసెంబరులో, 'న్యూయార్కర్' పత్రికలో రేచల్ అవీవ్ వ్రాసిన వ్యాసం నా భక్తిని కుదిపివేసింది. రోగుల కథలలో తన ఊహలను, తన మాటలను కలిపినట్లు ఆయనే తన దినచర్య పుస్తకాలలో ఒప్పుకుని కుమిలిపోయాడట. రోగి మంచం పక్కన గంటలకొద్దీ కూర్చున్న మనిషి, ఇంటికి వచ్చి అతని నోట తన మాట పెట్టాడంటే ఏమనాలి? కథకుడికి చెల్లే స్వేచ్ఛ వైద్యుడికి చెల్లదని నేనంటాను. వైద్యచరిత్రగా అచ్చయిన మాటను మరో వైద్యుడు నమ్ముతాడు, మరో రోగి కొడుకు నమ్ముతాడు. నేను నమ్మాను.

అయినా ఆయన పుస్తకాలను అటకెక్కించలేదు. నాన్నగారి గదిలో నేనెన్నడూ అంతసేపు కూర్చోలేదు మరి.

పైన 'ఆవగింజలు' అన్నమాట కూడా నాదే. నాన్నగారు బ్రతికున్నన్నాళ్ళూ ఆ అక్షరాల సంగతి ఎత్తితే, పెన్ను మంచిది కాదురా అనేవారు.