అడిగితే ప్రేమ తగ్గిపోదు

మన సంఘాల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది: ప్రేమ ఉన్నవాడు ప్రశ్నలు వేయడు. చేయి చాస్తే ఇచ్చేయాలి, సంతకం అడిగితే పెట్టేయాలి, ఆ పైన దేవుడు చూసుకుంటాడు. ఎందుకు, ఎంత, ఎప్పటిలోగా అన్నవాడు లోకస్థుడు. వినడానికి భక్తిగానే ఉంటుంది. నా మటుకు నాకు ఇది భక్తి కాదు, మొహమాటం.

ఆదివారం ఆరాధన అయ్యాక జరిగే తంతు చూడండి. చీటీ పాడుకున్న బ్రదర్ ఒకాయన ష్యూరిటీ ఫారాలు పట్టుకుని బడిపంతులు దగ్గరికి వస్తాడు. చీటీ కంపెనీకి కావలసింది ప్రభుత్వోద్యోగి సంతకం, పే స్లిప్పు జిరాక్సు. "మీరు కాకపోతే నాకింకెవరున్నారన్నా, ఒకే శరీరంలో అవయవాలం కదా" అంటాడు. ఇంకా ఎన్ని కిస్తీలు మిగిలాయో, పాడిన డబ్బు దేనికో ఒక్క ముక్క అడక్కుండా పంతులుగారు ఫారాన్ని బైబిలు మీద పెట్టి సంతకం చేసేస్తారు. ఎంత మంచి మనసు అంటారు చుట్టూ ఉన్నవాళ్లు. కొన్నాళ్లకు కిస్తీలు ఆగుతాయి, కోర్టు ఉత్తర్వు వస్తుంది, జీతంలో కోత మొదలవుతుంది. ఆ కోత పడేది పంతులుగారి మంచి మనసు మీద కాదు, కూతురి కాలేజీ ఫీజు మీద. ఆ తర్వాత వాళ్లిద్దరూ ప్రభువు బల్ల దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

పూచీ ఉండొద్దని సామెతల గ్రంథం పదే పదే హెచ్చరిస్తుంది, పడుకునే పరుపు కూడా పట్టుకుపోతారంటుంది. పేదవాడికి పెట్టినవాడు దేవుడికే అప్పిచ్చినట్టు అన్నదీ ఆ గ్రంథమే. మన ప్రసంగాల్లో వినిపించేది రెండోదే. కానుకల సంచీ తిరిగే వేళ మొదటిది ఎవరు చదువుతారు లెండి.

అడిగినవాడికి ఇమ్మని ప్రభువే చెప్పాడు కదా అంటారు. చెప్పాడు. నీ చేతిలో ఉన్నది ఇవ్వు, వెనక్కి రాకపోయినా ఇవ్వు. జామీను సంతకంతో రాసిచ్చేది మాత్రం భార్యాబిడ్డల రేపటి తిండి. "సంతకం పెట్టను తమ్ముడూ, ఈ నెల కిస్తీ నేను కడతాను, తిరిగివ్వక్కర్లేదు" అంటే అందులో ప్రేమ ఎక్కడ తగ్గింది? యెరూషలేములో విధవరాళ్లకు రోజూ పెట్టే భోజనం దగ్గర తేడాలొచ్చినప్పుడు అపొస్తలులు ఒక ప్రసంగం చెప్పి ఊరుకోలేదు. ఆత్మతోపాటు జ్ఞానమూ ఉన్న ఏడుగురిని ఎంచుకోమని సంఘానికి చెప్పి, ఆ పని వాళ్లకు అప్పజెప్పారు.

మన గడ్డ మీద ఇంకా గట్టి దాఖలా ఉంది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర ఊరికే గంజి పోసి పుణ్యం కట్టుకోలేదు. మిషనరీ కాకముందు సర్వే పని తెలిసినవాడు గనక, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పనీ కూలీ ఇచ్చాడు. బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. కూలికి వచ్చినవాళ్లలో వేలమంది బాప్తిస్మం అడిగితే కరువు సాయం నడిచినన్నాళ్లూ కాదన్నాడు. తిండి కోసం వస్తున్నారేమోనన్న అనుమానం మిగలకూడదని. కరువు తీరాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. ఇవాళైతే ఆయన్ని రాతిగుండెవాడని వాట్సాప్ గ్రూపుల్లో ఏకిపారేసి ఉండేవాళ్లం.

వివేకం పేరు చెప్పి పర్సు మూసుకునే పిసినారులు లేరా అంటే, ఉన్నారు. వాళ్లను ఎవరూ సాక్ష్యం చెప్పమని వేదిక ఎక్కించరు గనక వాళ్ల బెడద తక్కువ.

అసలు బెడద వేరే, ఏమీ అడక్కుండానే క్షమించెయ్యమనడం. తాగొచ్చి కొట్టే మొగుడి దగ్గరికి "క్షమించి సర్దుకుపో అమ్మా" అని ప్రార్థన చేసి భార్యను పంపేసే పెద్దరికం. క్షమించమన్న సలహా ఆమెకే, దెబ్బలూ ఆమెకే. అతను తాగుడు మానాడా, చేయి ఆగిందా అని ఆ ఇంటికి వెళ్లి అడిగే సంఘపెద్ద కనపడడు. అడగవలసింది ముందు అతన్ని. ఆ రాత్రికి ఆమెకు, పిల్లలకు ఒక ఇల్లు చూపించాలి. స్టేషనుకు వెళ్లి కేసు పెడతానంటే సంఘం పరువని అడ్డుపడకుండా, పెద్దల్లో ఒకరు తోడు వెళ్లాలి.